సెలవుల ముందు రోజు కూడా బడి రోజే

రేపటి నుంచి పండగ సెలవులు. మూడో పీరియడ్ బెల్లు కొట్టేసరికి బెంచీలు సగం ఖాళీగా ఉంటాయి. ప్రయాణాలున్న పిల్లలు నిన్నే వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు ఒంటితో తరగతిలో, మనసుతో ఇంట్లో. టీచరు బోర్డు మీద కొత్త పాఠం పేరు రాయగానే వెనక బెంచీ నుంచి ఒక మూలుగు: "ఇవాళ కూడానా టీచర్?"

ఆ ప్రశ్నకు బడుల్లో మామూలుగా రెండు జవాబులు దొరుకుతాయి. పోర్షన్ అవ్వాలి కాబట్టి ఎవరు విన్నా వినకపోయినా పాఠం చెప్పేయడం ఒకటి. ఎలాగూ వినరు కాబట్టి సినిమా పెట్టడమో, రంగులు వేసుకోమని బొమ్మల కాగితాలు పంచడమో రెండోది. మొదటి దారిలో చెప్పిన పాఠాన్ని సెలవుల తర్వాత మళ్లీ మొదటి నుంచీ చెప్పాల్సి వస్తుంది, రాని పిల్లల కోసం ఒకసారి, వచ్చినా విననివాళ్ల కోసం ఇంకోసారి. రెండో దారిలో రోజు హాయిగా గడిచిపోతుంది, సాయంత్రానికి మిగిలేది మాత్రం ఏమీ ఉండదు. సెలవులకు ముందు రెండు మూడు రోజులు, తర్వాత తేరుకోవడానికి ఇంకో రెండు రోజులు ఇలా పోతే, ఏడాదిలో వచ్చే పెద్ద సెలవులన్నిటికీ కలిపి ఎన్ని పని దినాలు పోతున్నాయో ఏ టీచరైనా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలరు.

మూడో దారి ఉంది. పండగ పనులనే పాఠంగా మార్చడం. ఈ మాట కొత్తదేం కాదు, దాదాపు ప్రతి బడీ తాము చేస్తున్నది ఇదేనని అంటుంది. చిక్కంతా అక్కడే. చేస్తున్నదానిలో చాలా భాగం పాఠానికి పండగ బట్టలు తొడగడమే.

ఒక వర్క్‌షీట్ చూద్దాం. పెద్ద దీపం బొమ్మ, దాని నిండా చిన్న చిన్న గళ్లు. ప్రతి గడిలో ఒక కూడిక. జవాబు 12 వస్తే ఎరుపు, 15 వస్తే పసుపు వేయాలి. పిల్లవాడు మొదటి నాలుగు గళ్లు నిజంగానే లెక్క కట్టి వేస్తాడు. అయిదో గడికి వచ్చేసరికి దీపం మంట పసుపేనని తెలిసిపోతుంది, ఇక లెక్కతో పనిలేదు. మిగతా ముప్ఫై నిమిషాలూ రంగు గీత దాటకుండా చూసుకోవడంలోనే గడుస్తాయి. కాగితం అందంగా వస్తుంది, గోడకు ఎక్కుతుంది. ఆ పిల్లవాడు ఆ గంటలో దేని గురించి ఆలోచించాడు? రంగుల గురించి. గుర్తుండేదీ అదే. మనసు దేని మీద పనిచేసిందో అదే జ్ఞాపకంగా మిగులుతుంది. పైన ఏ శీర్షిక రాసి ఉందన్నది మనసుకు పట్టదు.

కాబట్టి ఏ పండగ కార్యక్రమాన్నైనా ఒక్క ప్రశ్నతో తూచవచ్చు: పాఠం గురించి ఆలోచించకుండా పిల్లలు ఈ పని పూర్తి చేయగలరా? చేయగలిగితే అది ఆట. ఆటగా అది మంచిదే, ఆటకు బడిలో చోటుండాలి కూడా. కానీ దాన్ని పాఠం లెక్కలో రాసుకోకూడదు. చేయలేకపోతే, అంటే లెక్కో, వాక్యమో, కారణమో తేల్చుకుంటే తప్ప ఆ పని ముందుకు సాగకపోతే, అప్పుడే పండగ పాఠానికి పనికొచ్చినట్టు.

కాగితం నక్షత్రాన్ని తీసుకుందాం. గది అలంకరణకు దాదాపు అందరూ చేయించేదే. గుండ్రంగా కత్తిరించిన పాత న్యూస్‌పేపరు, ఒక కత్తెర ఉంటే చాలు. కాగితాన్ని సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడిస్తారు. ఇప్పుడది ఎనిమిది పొరల సన్నని ముక్క, కొస దగ్గర కోణం 45 డిగ్రీలు. మామూలుగా అయితే టీచరు "ఇక్కడ కత్తిరించండి" అంటారు, పిల్లలు కత్తిరిస్తారు, నక్షత్రం వస్తుంది, కథ ముగుస్తుంది. కత్తెర పెట్టే ముందు ఒక్క నిమిషం ఆపి, "ఏటవాలుగా కత్తిరిస్తే ఎన్ని మొనలొస్తాయి? నోట్‌బుక్‌లో రాయండి" అంటే తరగతి మొత్తం మారిపోతుంది. ఎక్కువమంది ఎనిమిది అని రాస్తారు. ఎనిమిది పొరలున్నాయి కదా. కత్తిరించి విప్పితే నాలుగే.

ఎందుకు నాలుగు? ఈ ప్రశ్న ఇప్పుడు టీచరుది కాదు, పిల్లలది. మడతలు విప్పుతూ, మూస్తూ చూస్తారు. పొరలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉన్నాయని, మడత గీతల్లో ఒకదాని మీద మొన వస్తే పక్కదాని మీద లోపలి గుంట వస్తుందని ఎవరో ఒకరు కనిపెడతారు. అంటే పొరలు ఎన్నో, మొనలు అందులో సగం. సౌష్ఠవం అనే పెద్ద మాట అప్పుడు బోర్డు మీదికి వస్తే దానికి చేతిలో ఒక వస్తువు తోడుంటుంది. అక్కడి నుంచి దారి ఇంకా ఉంది. అదే ముక్కను రెండు అంచులతోనూ సమానమైన కోణం చేసేలా కోస్తే అష్టభుజి, ఒక అంచుకు లంబంగా కోస్తే చతురస్రం, ఇంకా ఏటవాలుగా కోస్తే నక్షత్రం. మడత ఒకటే, కత్తెర కోణం మారితే ఆకారమే మారుతుంది.

ఆ తర్వాత అసలు పరీక్ష: "ఆరు మొనల నక్షత్రం కావాలి." ఎన్నిసార్లు సగానికి మడిచినా రాదు. పొరలు 2, 4, 8, 16 అవుతాయి తప్ప 12 కావు. సగానికి మడిచిన కాగితంలోని 180 డిగ్రీలను మూడు సమాన భాగాలు చేయాలని, ఒక్కొక్కటి 60 అని, దాన్ని మళ్లీ సగం చేస్తే 30 అని తేల్చుకోవాలి. కోణమానిని అడిగి తీసుకునేది అప్పుడే. అయిదు మొనలు కావాలంటే 180ని అయిదుతో భాగించాలి, 36 డిగ్రీలు. ఒక పీరియడ్‌లో భాగహారం, కోణాలు, కారణాంకాలు, సౌష్ఠవం అన్నీ వచ్చి వెళ్లాయి, తోరణానికి కావలసిన నక్షత్రాలూ తయారయ్యాయి. లెక్క తప్పితే నక్షత్రం వంకర పోతుంది, ఎర్ర ఇంకు సున్నా అక్కర్లేదు.

ముందు ఊహించి రాయమనడం ఇక్కడ చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సరుకంతా అందులోనే ఉంది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. తరగతిలో ప్రయోగాన్ని ఊరికే చూసిన విద్యార్థులు, అసలు చూడనివాళ్ల కంటే విషయాన్ని ఏమంత ఎక్కువ అర్థం చేసుకోలేదు. ఏం జరుగుతుందో ముందే అంచనా వేసి ఆ తర్వాత చూసినవాళ్లు మెరుగ్గా అర్థం చేసుకున్నారు. పండగ రోజుల్లో చేయించే ప్రదర్శనలన్నిటికీ ఇది వర్తిస్తుంది. వరసగా కట్టిన రంగు బల్బుల్లో ఒకటి పీకేస్తే మిగతావి ఆరతాయా, వెలుగుతాయా? బ్యాటరీ సెల్‌కు రెండు చిన్న బల్బులు ఒకే దారిలో కట్టి, తర్వాత విడివిడి దారుల్లో కట్టి చూపించడం అయిదు నిమిషాల పని. చేతులెత్తించి, ఎటువైపు ఎంతమందో బోర్డు మీద రాశాకే బల్బు పీకాలి. తప్పు అంచనా వేసినవాడే ఎక్కువ శ్రద్ధగా చూస్తాడు. ఇంట్లో గోడకు పెట్టిన ప్లగ్గుల జోలికి వెళ్లవద్దని మాత్రం గట్టిగా చెప్పి పంపాలి.

పై తరగతులకు ఇంకో మంచి పని ఉంది. పిల్లలు చీటీలు తీసి, పేరు వచ్చిన వాళ్లకు గ్రీటింగ్ కార్డు తయారుచేసే ఆట చాలాచోట్ల ఆడతారు. ఒకడికి తన చీటీయే వస్తుంది, నవ్వులు, చీటీలన్నీ మళ్లీ డబ్బాలోకి. ఆ నవ్వుల దగ్గరే ఆగి అడగాలి: "ఎవరి పేరు వాళ్లకు రాకుండా చీటీలు పంచుకునే అవకాశం ఎంత? పిల్లలు పెరిగితే ఆ అవకాశం పెరుగుతుందా, తగ్గుతుందా?" ఎక్కువమంది ఉంటే ఎవరో ఒకరికి తన పేరు తగిలే ప్రమాదం ఎక్కువని కొందరంటారు. అన్ని చీటీల్లో తన చీటీ తగలడమే కష్టం కదా అని ఇంకొందరంటారు. రెండు వాదాలూ సబబుగానే ఉంటాయి, అందుకే గొడవ బాగా జరుగుతుంది. అప్పుడు నలుగురు నలుగురిగా కూర్చోబెట్టి పదేసిసార్లు చీటీలు తీయించి లెక్క రాయించాలి.

నలుగురికి నాలుగు చీటీలు పంచే విధాలు 24. వాటిలో ఎవరి పేరూ వాళ్లకు రానివి 9, అంటే 37.5 శాతం. అయిదుగురైతే 120లో 44, దాదాపు 36.7 శాతం. ఆరుగురైతే 720లో 265, దాదాపు 36.8 శాతం. ఆ తర్వాత నలభై మందైనా, నాలుగు వందల మందైనా ఆ సంఖ్య అక్కడే నిలబడిపోతుంది. పెరగదు, తగ్గదు. పది జట్లు పదేసిసార్లు తీస్తే వంద ఫలితాలు బోర్డు మీద ఉంటాయి, అందులో 37, 38కి కాస్త అటూ ఇటూగా సరైన పంపకాలు కనిపిస్తాయి. ఫ్రెంచి గణితజ్ఞుడు పియర్ రెమొఁ ద మొఁమోర్ 1708లోనే ఈ చిక్కును పేకముక్కల ఆట రూపంలో పరిశీలించాడని చెబితే పిల్లలకు ఒక గౌరవం కలుగుతుంది, తాము పడ్డ గొడవ మూడు వందల ఏళ్ల నాటిదని. చిన్న తరగతులకు ఇంత లోతు అక్కర్లేదు. ఒక్కొక్కరు మిగతా అందరికీ ఒక కార్డు ఇస్తే నలభై మంది తరగతిలో ఎన్ని కార్డులు అని అడిగితే చాలు. 1560 అన్న జవాబు వచ్చాక, చీటీల పద్ధతి ఎందుకు పుట్టిందో వాళ్లకే తెలుస్తుంది.

పండగ తేదీలు కూడా పాఠమే. కొన్ని పండగలు ఏటా ఒకే తేదీన వస్తాయి, కొన్ని ముందుకూ వెనక్కీ జరుగుతాయి. ఎందుకన్నది పిల్లలు నిజంగానే అడిగే ప్రశ్న. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే దాదాపు 354 రోజులు, సూర్యుడి లెక్కన ఏడాది 365 చిల్లర. తేడా 11 రోజులు. దాన్ని సర్దకుండా వదిలేసే క్యాలెండర్‌లో పండగ దాదాపు 33 ఏళ్లలో రుతువులన్నీ చుట్టి వస్తుంది. మధ్యమధ్య ఒక నెల అదనంగా కలిపే క్యాలెండర్‌లో అదే రుతువు దగ్గర ఊగిసలాడుతుంది. 19 సౌర సంవత్సరాలకు, 235 చాంద్రమాసాలకు తేడా కొద్ది గంటలే. అందుకే పుట్టిన రోజు ఆకాశంలో చంద్రుడు ఏ ఆకారంలో ఉన్నాడో, పంతొమ్మిదో పుట్టినరోజుకు ఇంచుమించు అదే ఆకారంలో కనిపిస్తాడు. పన్నెండేళ్ల పిల్లకు ఈ మాట చెప్పి, లెక్క తనతోనే కట్టిస్తే పాత క్యాలెండర్ల కోసం ఇంట్లో వెతుకుతుంది. సెలవుల హోంవర్క్ అంటే అలా ఉండాలి, ఇరవై పేజీల కాపీ రాత కాదు.

భాష పీరియడ్‌కు పండగ ఇంకా దగ్గర చుట్టం. అయినా "మీకు నచ్చిన పండగ గురించి పది వాక్యాలు రాయండి" అన్న పాత దారి వదలడం లేదు. ఆ పది వాక్యాలు ఎవరు చదువుతారు? ఇంట్లో పెద్దవాళ్ల చిన్నప్పుడు ఈ పండగ ఎలా జరిగేదో అడగడానికి అయిదు ప్రశ్నలు తయారుచేసుకోమంటే పని వేరేగా ఉంటుంది. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నకు పెద్దగా జవాబు రాదని, "ఎలా", "ఎందుకు" అని అడిగితేనే మాట సాగుతుందని పక్కవాడి మీద ప్రయోగించి చూసుకోవచ్చు. ప్రశ్నించడం నేర్పే పాఠం అది. చిరునామా ఉన్న నిజమైన ఉత్తరం రాయించడం కూడా అలాంటిదే. చదివే మనిషి ఉన్నాడంటే అక్షరదోషాలు వాళ్లంతట వాళ్లే దిద్దుకుంటారు.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాల్సిన విషయం ఒకటుంది. తరగతిలో అందరి ఇళ్లలో ఒకే పండగ ఉండదు. కొందరి ఇళ్లలో ఆ పండగే చేయరు, కొందరి ఇళ్లలో ఈ ఏడాది చేసే పరిస్థితి లేదు. డబ్బు లేకపోవచ్చు, ఇంట్లో ఎవరో పోయి ఉండవచ్చు. "కొత్త బట్టలు ఏం కొన్నారు?" అని తరగతి మధ్యలో నిలబెట్టి అడగడం ఒక పిల్లను ఏడిపించడానికి సరిపోతుంది. పైన చెప్పిన నక్షత్రం, చీటీలు, చంద్రుడి లెక్క వీటికి ఎవరి ఇంటి ఆచారంతోనూ పనిలేదు. పూజలు, మొక్కులు ఇంటి సంగతి. బడి పని వాటి గురించి తెలుసుకోవడం వరకే, పాటింపజేయడం కాదు. రంగు కాగితాలు, మెరుపులు, థర్మాకోల్ కొనుక్కు రమ్మని డైరీలో రాసే ముందు కూడా ఇది గుర్తుంచుకోవాలి. పాత న్యూస్‌పేపరుతో అయ్యే పనికి ఇంటి మీద ఖర్చు వేయడం అన్యాయం.

గోడల సంగతీ చెప్పుకోవాలి. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కిండర్‌గార్టెన్ పిల్లలు 24 మందికి ఆరు చిన్న సైన్సు పాఠాలు చెప్పించారు, మూడు నిండుగా అలంకరించిన గదిలో, మూడు బోసి గోడల మధ్య. అలంకరణ ఉన్నప్పుడు పిల్లల ధ్యాస పక్కకు పోయిన సమయం 38.6 శాతం, లేనప్పుడు 28.4. పాఠం తర్వాత పెట్టిన పరీక్షలో సరైన జవాబులు బోసి గదిలో 55 శాతం, నిండు గదిలో 42. చిన్న అధ్యయనం, చిన్న పిల్లలు. దాన్ని పట్టుకుని తోరణాలన్నీ పీకేయనక్కర్లేదు. కానీ బోర్డున్న గోడను ఖాళీగా ఉంచి, అలంకరణ అంతా వెనక గోడకు మార్చడానికి ఖర్చేముంది? వారం ముందే కాకుండా చివరి రోజున, పిల్లల చేత, వాళ్లు చేసిన వాటితోనే కట్టించడం ఇంకా మంచిది.

బహుమతుల మోజు కూడా తగ్గించుకోవాలి. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం చాలామంది టీచర్లు ట్రైనింగ్‌లో వినే ఉంటారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం అప్పటికే ఇష్టపడే పిల్లల్లో కొందరికి, వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. ఒకటి రెండు వారాల తర్వాత ఆ పిల్లలు తమంతట తాము ఆ పెన్నులతో గడిపిన సమయం, ఏమీ ఆశ చూపించని పిల్లలు గడిపిన దానిలో దాదాపు సగమే. చెప్పకుండా హఠాత్తుగా బహుమతి అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు. "బాగా చేసినవాళ్లకు ఫస్ట్ ప్రైజ్" అని పొద్దున్నే ప్రకటించే అలవాటు, నక్షత్రం ఎందుకు నాలుగు మొనలతో వచ్చిందన్న కుతూహలాన్ని చంపేస్తుంది. అందరికీ ఆఖర్న చెప్పకుండా ఏదైనా ఇస్తే గొడవే లేదు.

ఇక పోర్షన్ గోల. సగం మంది రాని రోజున కొత్త పాఠం మొదలుపెట్టకపోవడమే లాభం. ఆ రోజుకు తగిన పని పాత పాఠాలను గుర్తుచేసుకోవడం, అదీ పుస్తకం తెరవకుండా. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో తన మీద తానే చేసుకున్న ప్రయోగాల్లో అర్థం లేని అక్షరాల వరసలు కంఠతా పట్టాడు. ఒక్క రోజు గడిచాక మళ్లీ నేర్చుకోబోతే మొదటిసారి పడ్డ శ్రమలో మూడో వంతు మాత్రమే ఆదా అయింది, నెల తర్వాత అయిదో వంతు. అర్థమున్న పాఠం అంత తొందరగా పోదు, కానీ పోయే దారి అలాంటిదే. దానికి మందు మళ్లీ మళ్లీ చదవడం అనుకుంటాం. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక గద్యభాగాన్ని రెండుసార్లు చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో 81 శాతం గుర్తుతెచ్చుకున్నారు. ఒకసారి చదివి, ఒకసారి చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు 75 శాతమే. వారం తర్వాత లెక్క తిరగబడింది, చదివినవాళ్లు 42, గుర్తుచేసుకున్నవాళ్లు 56.

పండగ సెలవులు కూడా అటూ ఇటూగా వారమో, పది రోజులో. అంటే సెలవుల ముందు రోజు జరిగే క్విజ్ టైంపాస్ కాదు, ఆ రోజుకు అంతకంటే సరైన పని లేదు. జట్లు కట్టించి పోటీ పెడితే గట్టిగా అరిచే అయిదుగురే జవాబులు చెబుతారు. ముందు ప్రతి ఒక్కరూ కాగితం మీద రాసుకుని, తర్వాతే జట్టులో మాట్లాడుకోవాలన్న ఒక్క నియమం పెడితే ఆఖరి బెంచీ కూడా ఆటలోకి వస్తుంది.

క్విజ్‌కు కావలసిన ప్రశ్నలు పిల్లలే తయారుచేస్తే ఇంకా బాగుంటుంది. గ్రీటింగ్ కార్డు మడత మీద పైన బొమ్మ, లోపల ఈ టర్మ్‌లో చదివిన పాఠం నుంచి ఒక ప్రశ్న, జవాబు మాత్రం వేరే చీటీ మీద. మంచి ప్రశ్న రాయాలంటే పాఠం తిరగేయక తప్పదు. కార్డులు సగం ఆ రోజే మారతాయి. మిగతా సగం ఒక కవరులో వేసి, అంటించి, మీద తెరిచే తేదీ రాసి బీరువాలో పెడతారు. ఆ తేదీ బడి మళ్లీ తెరిచే రోజు.

ఆ రోజు మొదటి పీరియడ్‌లో టీచరు పుస్తకం తీయమనరు. కవరు చింపుతారు. కార్డులు బెంచీల మీదుగా చేతులు మారతాయి. సెలవుల కబుర్లు ఇంకా నోట్లో ఉండగానే ఒకడు తన కార్డు విప్పి, ప్రశ్న చదివి, తల గోక్కుని, "ఇది ఎవడ్రా రాసింది?" అంటాడు. రాసింది తనే. జవాబు మాత్రం గుర్తు రావడం లేదు. పక్కనున్న పిల్ల, ముందు రోజులు బడికి రానిది, దాన్ని అతని చేతిలోంచి లాక్కుని చదువుతుంది. ఇద్దరూ కలిసి పాఠం ఏ పేజీలో ఉందో వెతకడం మొదలుపెడతారు.